జాగా ఖాళీగా ఉందనే రాసుకో, అల్లుడూ

అల్లుడూ,

నీకు కాగజ్‌నగర్‌లో పని దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఊరి నడుమ ఉన్న సర్కారు జాగాలకు ప్లాన్లు రాసే కన్సల్టెంటు దగ్గర చేరినవట. "అన్నా, వాడు చదువుకున్నడు గని లోకం తెల్వదు. నువ్వు నాలుగు ముచ్చట్లు చెప్పు" అన్నది. చెల్లె మాట కాదనలేక ఈ ఉత్తరం. ముప్పై ఏళ్లు కన్సల్టెంట్ల దగ్గరా కాంట్రాక్టర్ల దగ్గరా ఫైళ్లు మోసిన వాణ్ని. ఎన్ని పార్కులకు, మార్కెట్లకు రిబ్బన్ కట్ చేయించానో ఒక లెక్క, వాటిలో ఎన్నింటికి ఇప్పుడు తాళం వేలాడుతోందో ఇంకో లెక్క, రెండూ నా దగ్గరున్నాయి. బయోడేటాలో మొదటిదే రాశాను. అందుకే ఇన్నేళ్లు నడిచింది.

నీకు దొరికింది మంచి ఊరు. కొత్తపేట అనే పల్లె పక్కన 1938లో, నిజాం కాలంలో, సిర్పూర్ పేపర్ మిల్లు కంపెనీ పెట్టారు. 1942 నుంచి కాగితం తీశారు. ఊరి పేరే కాగజ్‌నగర్ అయిపోయింది. మిల్లు పేరులో సిర్పూర్ ఉంటుంది గానీ మిల్లు సిర్పూర్‌లో ఉండదు. పేరు ఒకచోట, వస్తువు ఒకచోట. మన లైనుకు ఇంతకంటే మంచి శకునం లేదు.

ఖాళీ జాగాను కనిపెట్టడం

మొట్టమొదట జాగా ఖాళీగా ఉందని తేల్చాలి. అది నువ్వు చూడబోయే వేళను బట్టి ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి పో. ఆ పక్క ఎండలు నీకు తెలియనివి కావు. 45 డిగ్రీలు దాటిన రోజు కుక్క కూడా మోరీ పక్కనుంచి లేవదు. అప్పుడు ఫొటో తీసి, "నిరుపయోగంగా పడి ఉన్న స్థలం" అని కింద రాయి. డ్రోన్ దొరికితే మరీ మంచిది. పైనుంచి చూస్తే నీలం టార్పాలిన్ కింద మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు, చెత్తకుప్పకూ కూరగాయల కుప్పకూ తేడా కనపడదు.

తెల్లవారుజామున మాత్రం పోకు. షుగరు, బీపీ ఉన్న రిటైర్డ్ కార్మికులు చక్కర్లు కొడుతూ ఎదురవుతారు, నిలబెట్టి మాట్లాడిస్తారు. ఎనిమిదింటికి పోతే అడ్డా మీద కూలీలుంటారు. పది దాటితే ఆటోలు. మిల్లులో షిఫ్టు విడిచే వేళ అసలే వద్దు. సైకిల్ హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకుని వచ్చేవాళ్లు, వాళ్ల చేతిలో ఆ పూట కూర పెట్టడానికే దారి పక్కన కూర్చున్నవాళ్లు, అందరూ ఒకేసారి కనపడతారు. సాయంత్రం పిల్లల క్రికెట్. ఇటుకలు పేర్చి వికెట్లు చేస్తారు; ఆ ఇటుకలు నీ రిపోర్టులో "నిర్మాణ వ్యర్థాలు" అవ్వాలి. బతుకమ్మ రోజుల్లో, పెళ్లిళ్ల కాలంలో సర్వే పెట్టుకున్నావంటే ఇక ఆ జాగా నీకు ఏ జన్మలోనూ ఖాళీగా కనపడదు. ఇవన్నీ కళ్లారా చూసిన మనిషికి "ఖాళీ" అని రాయడానికి చెయ్యి రాదు. చెయ్యి రానివాడు ఈ లైనుకు పనికిరాడు.

తర్వాత, జాగా ఎవరిది? ఆ ఊళ్లో ఈ ప్రశ్న అడిగితే ఇది కంపెనీది, అది రైల్వేది, ఆ అవతలిది ఫారెస్టుది, ఇదిగో ఈ ముక్క సర్కారుదని నలుగురు నాలుగు వేళ్లు చూపిస్తారు. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి హద్దు రాళ్లు చూపించమని అడగడం తెలివితక్కువ పని. వాళ్లు నిజంగానే చూపిస్తే? రాయి ఒకచోట, రికార్డు ఒకచోట, వాడకం ఇంకోచోట తేలితే నీ ప్రాజెక్టు ఆర్నెల్లు వెనక్కి పోతుంది. అందుకని మ్యాపులో హద్దుగీత కొంచెం లావుగా వెయ్యి. లావు గీతలో పది గజాలు కలిసిపోతాయి.

ఆ పది గజాల్లో గుడిసెలుంటే జాగ్రత్త. మన రాష్ట్రంలో 2014 డిసెంబరులో 58, 59 నంబర్ల జీవోలు వచ్చాయి. సర్కారు జాగాలో ఇల్లేసుకున్న పేదలకు 125 గజాల లోపైతే పైసా తీసుకోకుండా పట్టా ఇవ్వొచ్చని 58 జీవో. ఆ దరఖాస్తు కాగితం ఎవరి ట్రంకుపెట్టెలో ఉందో నువ్వు అడగకు. అడిగితే తీసి చూపిస్తారు.

ఊరి జ్ఞాపకాలతో ఇంకో తలనొప్పి. అక్కడ సర్‌సిల్క్ అని ఇంకో మిల్లుండేది, 1946లో పుట్టిన కంపెనీ. మూతపడి దశాబ్దాలు దాటినా జనం ఆ కాలనీని సర్‌సిల్క్ కాలనీ అనే అంటారు. అంతెందుకు, పేపర్ మిల్లే 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. జేకే పేపర్ వాళ్లు 2018లో తీసుకుని మళ్లీ నడిపించేదాకా నాలుగేళ్లు ఊరు ఉద్దెర ఖాతాల మీద నడిచింది. జీతం ఆగిన ఇంట్లోంచి ఒక బండి, ఒక గంప రోడ్డు పక్కకు వచ్చి ఉంటాయి కదా. ఆ బండిని నువ్వు "ఆక్రమణ" అనే గడిలో రాయాలి. ఎందుకొచ్చిందో రాసే గడి ఫారంలో లేదు, నువ్వు కొత్తగా గీయకు. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు సంగతి తెలుసుగా. మూతపడ్డాక ఆ జాగా ప్లాట్లయింది, మిల్లు కట్టడాలు చాలావరకు ఫొటోల్లోనే మిగిలాయి, పాత కార్మికులు ఇంటి జాగాల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ప్లాట్ల నంబర్లు మాత్రం వరుసగా, చక్కగా ఉంటాయి.

ప్రజల భాగస్వామ్యం

ఈ మాట నీ రిపోర్టులో ప్రతి పేజీలో ఉండాలి, పేజీ దాటి బయటికి రాకూడదు.

మీటింగు ఎలాగూ పెట్టాలి. నోటీసు ఏ భాషలో వెయ్యాలన్నది మొదటి చిక్కు. ఆ ఊళ్లో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ నాలుగూ వినపడతాయి. చుట్టూ రవీంద్రనగర్, నజ్రుల్‌నగర్ లాంటి ఊళ్లున్నాయి, ఒకప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలవి. అంగడికి గూడేల నుంచి దిగేవాళ్లది గోండి. ఇన్ని భాషల్లో అచ్చేయిస్తే ఖర్చు, పైగా అందరికీ అర్థమైపోయే ప్రమాదం. అందుకని ఎవరి భాషా కాని తెలుగులో వెయ్యి: "వాటాదారుల సంప్రదింపుల కార్యశాల". వాటా అన్నారు గదా అని ఎవరైనా పైసలకు వస్తే, అలాంటిదేం లేదని మర్యాదగా పంపించు.

రోజు: పని రోజు. వేళ: పొద్దున పదకొండు. కూరగాయలమ్మే ఆడవాళ్లకు అది బేరాల వేళ, కూలీకి పోయినవాళ్లకు మేస్త్రీ వదలని వేళ. చోటు: మేడ మీది హాలు, లిఫ్టు లేనిది. మోకాళ్ల నొప్పుల వాళ్లూ చక్రాల కుర్చీ వాళ్లూ కింద నుంచే ఆశీర్వదిస్తారు. ముందు వరస కుర్చీల మీద ముందే తువ్వాళ్లు వేసి పెట్టు. సమోసా, చాయ్ చివర్లో ఉండాలి, సంతకాలు మొదట్లో. సంతకాల కాగితం మీద "హాజరు" అని మాత్రమే ఉంటుంది. మీటింగు అయ్యాక దానికి పైన ఒక పేజీ కుట్టు: "ప్రతిపాదనకు సమ్మతి తెలిపినవారు". ఒకే సంతకం రెండు పనులకు వచ్చింది. మనవాళ్లు పొద్దుగూకులా చెప్పే సుస్థిర అభివృద్ధి, పునర్వినియోగం అంటే ఇదేనని నా ఉద్దేశం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక ఊళ్లో, పేరెందుకు, బస్టాండుకు దగ్గర్లోని సర్కారు జాగాలో మార్కెట్ కట్టాలని మీటింగు పెట్టాం. బల్ల మీద థర్మాకోల్ మోడల్. స్పాంజి ముక్కలకు ఆకుపచ్చ రంగేసి చెట్లు చేశారు, రెండు బొమ్మకార్లు పార్కింగులో నిలబెట్టారు. ఆ జాగాలో ఎన్నో ఏళ్లుగా వేపచెట్టు కింద ఆకుకూరలమ్మే ముసలామె ఎలా తెలుసుకుందో గానీ మెట్లెక్కి వచ్చింది. చేతిలో గోనెసంచి, కొంగుకు పాలకూర తడి. అందరూ మోడల్‌ను దూరం నుంచి చూస్తుంటే ఆమె దగ్గరికొచ్చి వంగి, ఒక మూల వేలు పెట్టింది.

"గీడ మోరీ ఉండె గద సారూ. ఏది?"

ఇంజనీరు నవ్వాడు. "అమ్మా, ఇది మోడల్."

"మోడల్ల వాన పడదా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. వేలు అక్కడే పెట్టి, పడమటి నుంచి నీళ్లు ఎలా వస్తాయో, ఎక్కడ మలుగుతాయో, బల్ల అంచుదాకా గీసి చూపించింది. థర్మాకోల్ మీద తడి గీత ఒకటి మిగిలింది. దాన్ని నేనే తువ్వాలతో తుడిచాను, ఫొటోలో పడుతుందని. మినిట్స్‌లో ఏం రాశామంటే: "మహిళలు ఉత్సాహంగా పాల్గొన్నారు."

మరుసటి ఏడు జులైలో ముసురు పట్టి వాన కొడితే మార్కెట్లో మోకాళ్ల లోతు నీళ్లు. పైనుంచి సంజాయిషీ అడిగారు. ఫైలు తెరిచి చూపించాం: నీటి పారుదల గురించి ఎవరూ అభ్యంతరం తెలపలేదు. కాగితం కాపాడింది. అదే ఆమె మాట మినిట్స్‌లోకి ఎక్కి ఉంటే, చెప్పినా వినలేదని మా మీదికి వచ్చేది. అభిప్రాయాలు సేకరించడం వేరు, రాసుకోవడం వేరు. ఈ తేడా నీకు కాలేజీలో చెప్పి ఉండరు.

కమిటీలతో కాపురం

ఒకప్పుడు హాయిగా ఉండేది. 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షల జనాభా ఉన్న పట్నాలకే వార్డు కమిటీలు తప్పనిసరి అంది. కాగజ్‌నగర్ 2011 లెక్కల్లో 57 వేల పైచిలుకు, కాబట్టి బాధ లేదు. ఇంతలో మన తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం వచ్చి ఎంత చిన్న ఊరైనా వార్డుకు నాలుగు కమిటీలంది. యువకులది ఒకటి, ఆడవాళ్లది ఒకటి, పెద్దవాళ్లది ఒకటి, ఊళ్లో పేరున్నవాళ్లది ఒకటి. ఒక్కోదాంట్లో 15 మంది. 30 వార్డుల ఊరికి లెక్క కట్టు, 1,800 మంది. పెళ్లికి వచ్చినంత జనం. నిజంగా వీళ్లందరికీ మ్యాపు చూపించి, జాగాలో ఏముండాలని అడిగితే ఏమవుతుందో ఊహించుకో. కాబట్టి నాలుగు కమిటీల్లోనూ అవే పేర్లు తిప్పి తిప్పి వెయ్యి. ఒక ఇంట్లో కొడుకు యువకుడు, కోడలు మహిళ, తండ్రి వయోవృద్ధుడు. ఆ తండ్రే పేరున్నవాడు కూడా. మీటింగు పెట్టాలంటే వాళ్లింటికి పోయి చాయ్ తాగితే సరి.

దీనికంటే ముళ్లకంప వీధి వ్యాపారుల చట్టం, 2014. అందులో పట్టణ విక్రయ కమిటీ అని ఒకటుంది. కమిషనరే అధ్యక్షుడు, అంతవరకు బాగానే ఉంది. కానీ సభ్యుల్లో నూటికి 40 మంది వీధిలో అమ్ముకునేవాళ్లే ఉండాలి, అదీ వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లు, అందులో మూడోవంతు ఆడవాళ్లు. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు. జనాభాలో నూటికి రెండున్నర మందిదాకా అమ్ముకునేవాళ్లకు చోటు చూపించాలి. ఆ లెక్కన నీ ఊళ్లో 1,400 మంది అవుతారు. జప్తు చేసిన తరాజులు, గంపలు అడిగిన రెండు పనిరోజుల్లో ఇచ్చెయ్యాలి, పాడయ్యే సరుకైతే అదే రోజు. ఆ చట్టం రాసినవాళ్లు ఎప్పుడో టమాటాలు కొని ఉంటారు.

దీనికి మందు లేకపోలేదు. ఎన్నిక అనే చోట ఎంపిక అని రాయి. సర్వే పొద్దుగూకినాక చెయ్యి, లేదా వాన రోజు చెయ్యి. 1,400 మంది కాస్తా నూరు, నూటయాభైకి దిగుతారు. మిగిలినవాళ్లు గుర్తింపు కార్డు లేనివాళ్లు, అంటే లేనివాళ్లే.

పీపీటీకి బొమ్మలు కావాలంటే బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె అనే పట్నముంది. 1989లో మొదలుపెట్టి, అక్కడి బస్తీల జనం కూర్చుని మునిసిపాలిటీ పెట్టుబడి పైసలు దేనికి పెట్టాలో వాళ్లే వరస కట్టారు: ముందు మోరీలా, ముందు రోడ్డా, బడా. మన దేశంలోనే కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక అని రాష్ట్ర ప్లాను నిధుల్లో మూడోవంతు దాటి స్థానిక సంస్థల చేతిలో పెట్టి, వార్డు సభల్లో పనులు తేల్చమన్నారు. ఈ రెండింటి ఫొటోలూ నీ మొదటి స్లైడులో ఉండాలి. చప్పట్లు పడతాయి. రెండో స్లైడులో నేరుగా ఫౌంటెన్‌కు పో. ఆ రెండు చోట్లా ముందు డబ్బు ఎంతుందో జనానికి చెప్పారన్న సంగతి ఎవరూ అడగరు. అడిగితే టైమైపోయిందని చెప్పు.

మార్కెట్ కట్టే పద్ధతి

ఇప్పుడు ఏ మునిసిపాలిటీకి పోయినా సమీకృత మార్కెట్. కూరగాయలు, మాంసం, చేపలు ఒకే కప్పు కింద. ఆలోచన మంచిదే, అందుకే దాన్ని పాడుచేయడానికి కొంచెం నైపుణ్యం కావాలి.

గద్దెల ఎత్తు దగ్గర మొదలుపెట్టు. అమ్మే మనిషి గోనెసంచి పరుచుకుని, ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, బోడకాకర కాయలను కుప్పలు పోస్తుంది. కుప్పకు ఇంత అని. కొనేవాడు వంగుతాడు, ఏరుకుంటాడు, బేరమాడతాడు. ఆమె కూర్చున్నచోటు నుంచి బస్సు మలుపు కనపడుతుంది, ఏ ఊరి బస్సు దిగిందో చూసి రేటు చెబుతుంది. ఇవేమీ కొలవకు. మూడడుగుల సిమెంటు గద్దె కట్టి తెల్ల టైల్స్ వెయ్యి. అరవై దాటిన మనిషి పొద్దున ఎక్కితే సాయంత్రందాకా దిగలేదు. దిగకపోతే చాయ్ తాగదు, మూత్రానికి పోదు. టాయిలెట్ వాడకం తగ్గుతుంది, నిర్వహణ ఖర్చు మిగులుతుంది. టాయిలెట్ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎలాగూ ఎవరికీ తెలియదు.

వికలాంగులకు ర్యాంపు ఉండాలని చట్టం. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగు పెట్టాలంటారు. రెండడుగుల ఎత్తుకు ఇరవై నాలుగడుగులు! అంత జాగాలో రెండు షాపులు వస్తాయి. ఆరడుగుల్లో ఎక్కించెయ్యి. నేను కట్టించిన ఒక ర్యాంపు చివర కరెంటు స్తంభముంది. ర్యాంపు మాది, స్తంభం వేరే డిపార్టుమెంటుది. మూడు చక్రాల బండి మీద వచ్చినాయన కిందే ఆగి, ర్యాంపును, స్తంభాన్ని, నన్ను వరసగా చూశాడు. ఏమీ అనలేదు. ఎవరైనా ఏమన్నా అంటే రిపోర్టులో "ప్రజల స్పందన" కింద రాయొచ్చు, ఊరికే చూస్తే ఏం రాస్తాం?

పైకప్పుకు రేకులు వెయ్యి. ఆ ఎండలకు రేకుల కింద మధ్యాహ్నం కొత్తిమీర గంటలో వాడుతుంది. రేకుల మీద సోలార్ పలకలు పెట్టు, అదీ పర్యావరణహితం. ఉన్న వేపచెట్టు మాత్రం డ్రాయింగులో అడ్డమొస్తుంది, తప్పదు.

చెట్టు కొట్టాక చెట్లు నాటాలి. మునిసిపల్ బడ్జెట్లో నూటికి 10 పచ్చదనానికే పెట్టాలని 2019 చట్టంలో ఉంది. నాటినవాటిలో నూటికి 85 బతకాలట. దీనికో కాలంలో కోనోకార్పస్ ఉండేది. నీళ్లు పోసినా పోయకపోయినా పెరుగుతుంది, పశువు మూతి పెట్టదని, పిట్ట గూడు కట్టదని అంటారు. హరితహారంలో డివైడర్ల నిండా అదే. తర్వాత సర్కారే దాన్ని నాటొద్దంది. ఆ దెబ్బకు నాలాంటివాళ్లం చాలా బాధపడ్డాం. అడవి అంచున ఉన్న ఊరికి ఇప్ప, కానుగ, మోదుగ ఎందుకు గుర్తుకు రావని అడిగేవాళ్లుంటారు. అవి నర్సరీ రేట్ల పట్టికలో ఏ వరసలో ఉన్నాయో చూడాలి కదా! కింద నేలంతా సిమెంటు పలకలు పరిచెయ్యి. బురద ఉండదు. నీళ్లు ఇంకవు కూడా, కానీ అవి పక్క గల్లీకి పోతాయి, పక్క గల్లీ ఇంకో ప్రాజెక్టు.

చివర్లో "ఐ లవ్" అని ఊరి పేరుతో వెలిగే అక్షరాలు మరిచిపోకు. సెల్ఫీ పడితే ప్రాజెక్టు పడినట్టే.

మ్యాపు, రంగులు, సెలవులు

కామారెడ్డి, జగిత్యాల గుర్తున్నాయా? మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టారు. కామారెడ్డిలో రైతులు తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్ రంగులో చూసుకున్నారు. జగిత్యాల పక్క ఊళ్లవాళ్లు వరి మళ్ల మీద రిక్రియేషన్ జోన్ చూశారు. రోడ్ల మీదికొచ్చారు. 2023 జనవరిలో రెండు మునిసిపాలిటీలూ ఆ ముసాయిదాలను వెనక్కి తీసుకుంటూ తీర్మానాలు చేశాయి. మా లైనులో చాలామంది దీని నుంచి నేర్చుకున్న పాఠం ఒకటే: మ్యాపు పెద్దగా అచ్చేయొద్దు. నోటీసు బోర్డు మీద ఏ4 కాగితమంత వేస్తే సర్వే నంబర్లు చీమల్లా ఉంటాయి, అభ్యంతరాల గడువు నిశ్శబ్దంగా దాటిపోతుంది.

కామారెడ్డి దగ్గర ఒక రైతు, భూమి పోతుందన్న బెంగతో ప్రాణం తీసుకున్నాడని ఇంటివాళ్లు చెప్పుకున్నారు. దాని మీద నా దగ్గర చిట్కా లేదు అల్లుడూ. ఆ ఊరి మీదుగా పోయినప్పుడు బస్సు కిటికీలోంచి పొలాలు చూస్తాను, మ్యాపులో వేసే రంగులు వాటిలో ఒక్కటీ ఉండదు.

సరే, సెలవుల సంగతి. పని మొదలుపెట్టాలంటే కోర్టులకు సెలవులున్నప్పుడు మొదలుపెట్టాలని మా గురువు ఒకాయన చెప్పేవాడు. 2025 మార్చి చివర ఉగాది, రంజాన్ కలిసొచ్చిన వారంలో హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో జేసీబీలు దిగాయి. యూనివర్సిటీ పిల్లలు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. కాబట్టి గురువుగారి సూత్రం పాతబడింది. ఇప్పుడు సెలవు దినం కంటే నెట్‌వర్క్ లేని దినం చూసుకోవాలి. కాగజ్‌నగర్‌లో అది ఏ రోజో కనుక్కో.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. నేను కట్టించిన ఆ బస్టాండు మార్కెట్ ఊళ్లోనే రిటైరై ఇల్లు తీసుకున్నానని నీకు తెలుసు. మార్కెట్ గేటుకు తాళం. లోపల టైల్స్ గద్దెల మీద పావురాలుంటాయి. కూరగాయల వాళ్లంతా బయట, కాంపౌండు గోడ వెంబడి, గోనెసంచులు పరుచుకుని కూర్చుంటారు. మొన్న మీ అత్త బోడకాకర తెమ్మంటే పోయాను. మోడల్ మీద వేలు పెట్టిన ముసలామె అక్కడే ఉంది. వేపచెట్టు లేదు కాబట్టి గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ అమ్ముతోంది. నన్ను గుర్తుపట్టింది. తరాజు దించి అడిగింది:

"సారూ, గీ గోడ ఇంకో రెండడుగులు లేపితే నీడ జరసేపు ఎక్కువుంటది. మీ ఆఫీసుల జెప్తరా?"

ఆమె మాట ఈసారి నేను రాసుకున్నాను. జేబులో ఉన్నది బస్సు టికెట్టే, దాని వెనకాలే రాశాను. గోడ పొడుగు నా అడుగులతో కొలిస్తే నూటపద్దెనిమిది వచ్చింది. మోరీ ఉండాల్సిన మూల కూడా కొలిచాను, ఎందుకో తెలియదు. నీ దగ్గర ఈ ఏటి రేట్ల పట్టిక ఉంటే పంపు.

మీ మామ